అత్తగారు రాసిన ఖాళీ నిమిషాలు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అత్తగారి స్టాప్‌వాచీ. పాలు కాగడానికి ఎంతసేపు పట్టింది, కింది వాటా వాళ్ళు నీళ్ళ మోటారు ఎంతసేపు వేసి మరిచిపోయారు, అన్నీ ఆవిడకి నిమిషాలతో సహా తెలుసు. బట్టల మిల్లులో ఇరవై ఏడేళ్ళు టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. ఏ మగ్గం ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది రాయడమే ఆవిడ పని. ఉద్యోగం అయిపోయినా బొటనవేలి అలవాటు పోలేదు. పెళ్ళయిన నాటినుంచీ తను పదకొండు నిమిషాల్లోనే భోజనం ముగిస్తున్నానని, ఒక్కరోజైనా పన్నెండు చేద్దామంటే ధైర్యం చాలడం లేదని మామగారు కోడలి దగ్గర గొణిగేవారు.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నోట్లో నాలుక లేని పిల్ల. హాల్లో కిటికీ పక్కన టేబుల్ మీద పాత కంప్యూటర్ పెట్టుకుని, దానికి తగిలించిన పలక మీద పెన్నుతో పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఈమధ్యే ఆమెకి అన్నిటికంటే పెద్ద పని దొరికింది. అడవిలో దారి తప్పిన తాబేలు కథ, ముప్ఫై రెండు పేజీలు. కానీ మూడు పేజీలకే నెల గడిచిపోయింది. మిగిలినవి రెండు నెలల్లో అందకపోతే పుస్తకం ఇంకొకరికి ఇస్తామని ప్రచురణకర్త మర్యాదగానే ఉత్తరం రాశాడు. మర్యాదగా రాశాడు కాబట్టే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

పాత కంప్యూటర్‌తో ఇక లాభం లేదని, భాగాలన్నీ విడివిడిగా ఎంచుకుని కొత్తది కట్టించాలని ఇంట్లో నిర్ణయమైంది. ఎంచుకునే బాధ్యత భర్త తన నెత్తిన వేసుకున్నాడు. అతను మందుల షాపులో పనిచేస్తాడు. పదిహేను రోజుల్లో వందకు పైగా వీడియోలు చూసి, కంప్యూటర్లకి తనే డాక్టరైపోయాడు. రోజుకో లిస్టు రాసేవాడు. లిస్టులో మిగతావి ఎన్ని మారినా ఒకటి మాత్రం మారేది కాదు. వీడియోగేములు ఆడేవాళ్ళు కొనే ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు, దానికి మూడు ఫ్యాన్లు. దాన్ని చూపించుకోవడానికి అద్దాల క్యాబినెట్, లోపల ఏడు రంగుల లైట్లు. ఆ ఒక్క కార్డుకే చేతిలో ఉన్నదాంట్లో సగం పోతుంది. మానిటర్ మాత్రం పాతదే వాడుకుందామన్నాడు.

తనకి ఏం కావాలో కోడలికి తెలుసు. ఆమె వేసే బొమ్మ పొరలు పొరలుగా ఉంటుంది. ఆకాశం ఒక పొర, చెట్లు ఒక పొర, ఆకుల నీడలు ఇంకో పొర. అడవి పేజీలో అలాంటివి నూట నలభై ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి గుర్తుంచుకోవాలంటే కంప్యూటర్‌కి ర్యామ్ దండిగా ఉండాలి. రంగుని రంగులా చూపించే మానిటర్ ఉండాలి. ఈ మాట చెబుదామని ఆమె నోరు తెరిచినప్పుడల్లా అతను ఇంకో వీడియో పెట్టేవాడు. చివరికి ఆమె "మీ ఇష్టమండీ" అనేది. అతను నిజంగానే తన ఇష్టం అనుకునేవాడు.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒక సోమవారం పొద్దున అత్తగారు బఠాణీల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కోడలి వెనకాల కుర్చీ వేసుకున్నారు. మెడలో స్టాప్‌వాచీ, పక్కన పొడుగు నోటుబుక్కు. కోడలు నాలుగు ఆకులు గీసేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఆమె పెన్ను పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. వెనక టిక్కుమని చప్పుడైంది. కంప్యూటర్ మళ్ళీ కదిలింది. ఇంకోసారి టిక్కుమంది. ఆ తర్వాత కాగితం మీద పెన్సిల్ గీసిన శబ్దం వినిపించింది.

కోడలు వెనక్కి తిరిగి చూడలేదు. తను గీస్తున్నప్పుడు ఎవరి కంటా పడదు, చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడే అందరి కంటా పడుతుంది. ఈ సంగతి ఆమె మనసులో ఎప్పటినుంచో ముల్లులా ఉంది. ఇప్పుడు ఆ కూర్చోవడానికి రాతపూర్వకమైన సాక్ష్యం తయారవుతోంది. మంగళవారం ఆమె ఒక ఉపాయం పన్నింది. కంప్యూటర్ ఆగిపోయినా చెయ్యి ఆపకూడదు. తెర మీద తాబేలు రాయిలా కదలకుండా ఉంటే, ఆమె మాత్రం గాల్లో ఆకులు, కొమ్మలు, ఒకసారైతే మొత్తం ఏరు గీసేసింది. సాయంత్రానికి భుజం పట్టేసింది. వెనక పెన్సిల్ మాత్రం ఆగలేదు.

ఆదివారం పొద్దున కంప్యూటర్ షాపుకి బయల్దేరాలి. భర్త ఆఖరి లిస్టు జేబులో పెట్టుకుని తల దువ్వుకుంటున్నాడు. టేబుల్ మీద నోటుబుక్కు తెరిచి ఉంది. కోడలు చూడకూడదనుకుంటూనే చూసింది. ఖాళీ, ఏడు నిమిషాలు. ఖాళీ, నాలుగు నిమిషాలు. పేజీ అడుగున ఎర్రగీత కింద, రోజు మొత్తం ఖాళీ రెండు గంటల పదకొండు నిమిషాలు.

పెళ్ళయిన మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు ఒకటి బయటికి వచ్చింది.

"అత్తయ్యా, నేను ఖాళీగా కూర్చోవడం లేదు."

వంటింట్లోంచి అత్తగారు, పడగ్గదిలోంచి దువ్వెనతో భర్త, పేపర్ వెనకనుంచి మామగారు ఒకేసారి బయటికి వచ్చారు. కోడలు ఏడుస్తూనే మాట్లాడింది. తను గీసేది బొమ్మలాటలా కనిపిస్తుందేమో కానీ పనేనని, రోజంతా మెడ వంచి చేస్తున్నానని, దొంగని కాపలా కాసినట్టు వెనక కూర్చుని రాసుకోవాల్సినంత తప్పు ఏం చేశానని అడిగింది. భర్త తల్లివైపు తిరిగి, ఇంట్లో కూడా హాజరు పట్టీ ఏమిటమ్మా అన్నాడు. మామగారు తన పేజీ కూడా అందులో ఉందేమోనని మెల్లగా నోటుబుక్కు వైపు తొంగి చూశారు.

అత్తగారు చేతులు తుడుచుకుని వచ్చి నోటుబుక్కు మొదటి పేజీ తిప్పారు. "పైన ఏం రాసి ఉందో చదువమ్మాయ్" అన్నారు.

గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: కంప్యూటర్ మా కోడల్ని కూర్చోబెట్టిన సమయం.

కోడలు రెండుసార్లు చదివింది. అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మా మిల్లులో నూలు తెగినా, కరెంటు పోయినా, మగ్గం పక్కన నిలబడ్డ మనిషి పేరు మీదే ఖాళీ అని రాయమనేవారు. రాశాను. ఒకామె మగ్గం వారంలో మూడు రోజులు పాడయ్యేది. నా రాతే చూపించి ఆమెని తీసేశారు. వెళ్ళేటప్పుడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది." ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచారు. "మంగళవారం నుంచి నా లెక్క తేడా కొడుతోంది. తెర కదలదు, నీ చెయ్యి కదులుతుంది. మిల్లులో వాళ్ళూ అంతే, నేను పక్కకి వస్తే ఆగిపోయిన మగ్గాన్నే తుడిచేవారు. నిన్ను భయపెట్టానని అప్పుడే తెలిసింది. కానీ ఎలా చెప్పాలో తెలియక రాస్తూ పోయాను."

ఏరు కూడా చూశారా అని కోడలు సన్నగా అడిగింది. చూశానని, బాగానే వచ్చిందని అత్తగారు చెప్పారు. మామగారు ఫక్కున నవ్వారు. కోడలికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని నోటుబుక్కు ముందేసుకున్నారు. అత్తగారికి కంప్యూటర్ భాష రాదు కాబట్టి ప్రతి ఖాళీ పక్కనా చిన్న అక్షరాలతో కంటికి కనిపించింది కనిపించినట్టే రాశారు. 'చక్రం తిరిగింది, మూడు నిమిషాల నలభై సెకన్లు' అని ఉంటే, బొమ్మ సేవ్ అవుతోంది, పాత హార్డ్ డిస్క్ నెమ్మది అని కోడలు చెప్పింది. 'తెర తెల్లబోయింది, ఏడు నిమిషాలు' అంటే ర్యామ్ నిండిపోయిందన్న మాట. అలాంటివే అన్నిటికంటే ఎక్కువ. 'పిల్ల లేచి వెళ్ళి ఎదురింటి ఎర్రపూలు చూసొచ్చి రంగు మార్చింది, మళ్ళీ మార్చింది, పద్దెనిమిది నిమిషాలు' అంటే మానిటర్ తప్పు. రంగు అబద్ధం చెబుతోంది కాబట్టే ఆమె కిటికీ దాకా వెళ్ళాల్సి వస్తోంది.

భర్త వెనక నిలబడి అంతా విన్నాడు. గ్రాఫిక్స్ కార్డు వల్ల ఆగింది ఎంతసేపని అడిగాడు. అత్తాకోడళ్ళు ఆరు రోజుల లెక్క తిరగేశారు. అర నిమిషం తేలింది.

"ఒరేయ్, షాపుకి ఎవరైనా వస్తే నొప్పి ఎక్కడని అడిగి కదా మందిస్తావు?" అన్నారు అత్తగారు. "దీన్ని ఒక్కసారైనా అడిగావా?"

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అడిగితే మీ ఇష్టం అనేదని నసిగాడు. అదీ నిజమేనని, ఆ మాట అనడం తన తప్పేనని కోడలు ఒప్పుకుంది. లిస్టు ఇటివ్వమని చెయ్యి చాపింది. అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు మాత్రం కొంచెం బాధపడ్డాడు.

కంప్యూటర్ షాపులో కౌంటర్ దగ్గర పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన అలవాటు ప్రకారం మగవాడి వైపు తిరిగి ఏం కావాలన్నాడు. ఆమెకే కావాలి, ఆమెనే అడగండి అని భర్తే పక్కకి జరిగాడు. కోడలు మొదట గొంతు సవరించుకుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆగలేదు. కార్డు మామూలుది చాలంది. ఆ మిగులుతో ర్యామ్ నాలుగింతలు పెట్టించింది. గిరగిరా తిరిగే హార్డ్ డిస్క్‌ని పాత బొమ్మలు దాచుకోవడానికి ఉంచి, పని చేసే బొమ్మలకి వేగంగా ఉండే ఎస్ఎస్‌డి తీసుకుంది. ప్రాసెసర్ గురించి ఆమె అడిగిన ప్రశ్నకి పెద్దమనిషి లోపలికి వెళ్ళి కనుక్కుని రావాల్సి వచ్చింది. ఫ్యాన్ చప్పుడు తక్కువగా ఉండాలంది, హాల్లో మామయ్య పగలు పడుకుంటారు కదా అని.

మానిటర్ల దగ్గర మాత్రం భర్త ఉండబట్టలేకపోయాడు. ఆమె తన తాబేలు బొమ్మని మూడింటి మీదా పెట్టించి అన్నిటికంటే మసగ్గా కనిపించేదాన్ని ఎంచుకుంది. మొదటిది ఎంత మెరిసిపోతోందో చూడమన్నాడతను.

"అందులో తాబేలు పెళ్ళికి తయారైనట్టుందండీ. ఇది దారి తప్పింది, ఆకలితో ఉంది. అచ్చులో వచ్చే రంగు ఇదే."

పెద్దమనిషి తల ఊపాడు. అద్దాల క్యాబినెట్ ప్రస్తావన ఎవరూ తేలేదు. నల్ల రేకు పెట్టె ఒకటి సరిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి షాపు వాళ్ళు ఇంటికొచ్చి అన్నీ బిగించి సిద్ధం చేశారు. అందరూ టేబుల్ చుట్టూ చేరారు. కోడలు నూట నలభై పొరల అడవి పేజీ తెరిచింది. అలవాటుగా చేతులు ఒళ్ళో పెట్టుకోబోయింది. అంతలోనే అడవి మొత్తం ఎదురుగా నిలబడి ఉంది, ఆకులతో, నీడలతో సహా. ఆమె ఒక కొమ్మ గీసింది. గీస్తుండగానే వచ్చింది. ఇంకొకటి గీసింది. సేవ్ చేసింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

అత్తగారు కంగారుగా ముందుకి వంగారు. "ఏమైందే, మళ్ళీ ఆగిందా?"

"లేదత్తయ్యా. ఆగలేదు. అందుకే."

కోడలు కళ్ళు తుడుచుకుని పెన్ను మళ్ళీ అందుకుంది. ఆగిపోయిన నాలుగో పేజీ మళ్ళీ కదిలింది. భర్త ఇంకా దగ్గరగా చూద్దామని తల దూర్చాడు. అత్తగారు అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

"వెలుతురుకి అడ్డం లేవరా" అన్నారు మెల్లగా. "ఆమె పనిలో ఉంది."