కుడి చెవా, ఎడమ చెవా?

నన్ను పెద్దబాతు తరుముతుంటే ఐలా కంగస్ ఆకాశంకేసి చూసింది.

ఒట్టేసి చెప్తున్నాను. ఆగస్టు నెల, పొద్దున్న, ఆఫీసు ముందు కార్లు ఆపుకునే చోటు. సరస్సు మీంచి వచ్చిన పెద్దబాతు ఒకటి మెడ చాచుకుని నా వెంటపడి, ఇస్త్రీ నలగని నా కొత్త ప్యాంటు పట్టుకుంది. "ఏవండీ! ఇటు! కాస్త ఇటు చూడండి!" అని గొంతు చించుకుంటున్నాను. తన ట్రక్కు పక్కన నిలబడ్డ ఆ అమ్మాయి ముందు చెట్లవైపు చూసింది. తర్వాత ఆఫీసు కప్పు చూసింది. ఆ తర్వాత ఆకాశం. నన్ను తప్ప లోకమంతా చూసింది మహాతల్లి!

చివరికి నేను కంటబడ్డాను. చేతిలోని తువ్వాలు విదిలించి "హుష్!" అంది. బాతు దర్జాగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె పడీపడీ నవ్వింది.

"రాజధాని లాన్సింగ్ నుంచి వస్తానన్న కోడ్ల మనిషి మీరేనా?"

"నేనే. వెస్లీ ప్రూయిట్."

"పెద్దబాతు కరిచినా కొత్త పుస్తకంలో ఒక కోడ్ ఉందటగా?"

"ఉంది," అన్నాను ప్యాంటు దులుపుకుంటూ. "మొదటిసారి చూపించుకుంటే ఒకటి, మళ్ళీ వస్తే ఇంకోటి."

"అంటే మళ్ళీ కూడా కరిపించుకునే ఉద్దేశముందన్నమాట."

"ఈ ఊరి మనుషులు పిలిస్తే పలక్కపోతే నేనేం చేసేది?"

ఆమె మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయి, సంచీ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎంత పొగరో అనుకున్నాను.

అది 2015. అక్టోబరు ఒకటి నుంచి దేశంలో వైద్యులంతా జబ్బుల పాత కోడ్లు వదిలి కొత్తవి రాయాలి. పద్నాలుగు వేల చిల్లర ఉన్నవి డెబ్బై వేల దాకా పెరిగాయి. పాత కోడ్‌తో పంపితే బీమావాళ్ళు బిల్లు వెనక్కి కొడతారు. పెద్ద ఆసుపత్రులు ఎలాగో గట్టెక్కుతాయి. ఇలాంటి చిన్నచోట్ల మాటేమిటి? నడక, మాట, వినికిడి ఆలస్యమైన మూడేళ్ళలోపు పిల్లల ఇళ్ళకే వెళ్ళి సాయం చేసే ఈ కార్యక్రమంలో మనుషులే అరడజను. వాళ్ళను సిద్ధం చెయ్యమని నన్ను ఆరు వారాలకు పంపారు.

కార్యక్రమం నడిపే మార్లిస్ గారు నా చేతిలో వేడివేడి పాస్టీ పెట్టి, పక్కన కూర్చున్నారు. మాంసం, బంగాళాదుంప, టర్నిప్ దట్టంగా కూరిన ఆ పాస్టీ తినేదాకా ఇక్కడ ఎవరూ పనిమాట ఎత్తరు.

"చెప్పు బాబూ, ఏమిటి ఈ కొత్త గొడవ?"

"ముఖ్యంగా ఒక్కటేనండీ. పాత కోడ్ 'వినికిడి లోపం' అంటే ఊరుకునేది. కొత్తది ఏ చెవి అని అడుగుతుంది. పాదం వంకరైతే ఏ పాదం, పక్షవాతమైతే ఏ పక్క. ప్రతిదానికీ వైపు కావాలి."

"మా దగ్గరున్న కాయితాల్లో వైపులు లేవే!"

"అందుకే వచ్చాను."

"అయితే ఇక్కడ కూర్చుంటే నీకేం తెలుస్తుంది? పిల్లలు ఇళ్ళలో ఉన్నారు. ఐలాతో వెళ్ళు."

అలా మాట నేర్పే ఐలాకి నేను తోకనయ్యాను. ఏ ఇంటికెళ్ళినా నేను మొదట అడిగేది "ఏ వైపు?" అనే. వారం తిరిగేసరికి ఆఫీసులో నా పేరు పోయి 'ఏవైపు' అనే పేరు స్థిరపడింది.

"ఏవైపూ, కాఫీ తాగుతావా? కుడిచేత్తోనా, ఎడమచేత్తోనా?" అని ఐలా ఏడిపించేది. అప్పటికే మీరు కాస్తా నువ్వులోకి దిగింది.

ఆమెకు కొన్ని వింత అలవాట్లుండేవి. ప్రయాణమెప్పుడూ నా కారులోనే. "నువ్వే నడుపు, వంతెన కిందివాడివి, దారులు నేర్చుకోవాలి," అనేది. దక్షిణాన వంతెనకి ఆవల పుట్టినవాళ్ళమంతా వీళ్ళకి వంతెన కిందివాళ్ళమే. పక్కపక్కన నడుస్తుంటే చుట్టూ తిరిగి నా కుడిపక్కకే వచ్చేది. హోటల్లో కూడా ఒక కుర్చీ కోసం పట్టుబట్టేది. ఒకరోజు నేను ముందే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటే, నన్ను లేపేదాకా వదల్లేదు.

"ఇదేం రాజ్యం?"

"నా రాజ్యం. లే."

లేచాను. ఆమె చెప్తే లేవడం అప్పటికే అలవాటైపోయింది, నిజం చెప్పొద్దూ.

ఇళ్ళలో ఆమెను చూడాలి! ఒక్క బొమ్మ తీసుకెళ్ళేది కాదు. ఆ ఇంట్లో ఉన్న గరిటె, గిన్నె, సబ్బునురగ చాలు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. గిన్నెమీద గరిటెతో ఒక్కటి కొట్టి ఆగేది. ఎంతసేపైనా ఆగేది. అప్పుడు ఆ పిల్లో పిల్లవాడో చెయ్యి చాచి తిరిగి ఒక్కటి కొట్టేవారు. అంతే, తల్లి కళ్ళు చెమర్చేవి. నా కళ్ళూను. డెబ్బై వేల కోడ్లు బట్టీపట్టిన నేను ఒక గరిటె దెబ్బకి అన్నీ మర్చిపోయేవాణ్ణి.

జూనీ అనే పాప ఇంటికి మేం వెళ్ళింది ఒక వానరోజున. దానికి రెండేళ్ళ నాలుగు నెలలు. వాళ్ళు వేరే రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చారు. కాయితాల్లో ఉన్నది 'వినికిడి లోపం' అన్న పాత కోడ్ ఒక్కటే. రాసిన డాక్టరు ఎప్పుడో పని మానేశాడు. తండ్రి రోలాండ్ దుంగల లారీ నడుపుతూ ఎప్పుడూ రోడ్డుమీదే ఉంటాడు. అందుకే ఐలా కూడా ఆయన్ని చూడటం అదే మొదలు. తలుపు నిండుగా ఉన్న మనిషి. జూనీని ఎడమచేతి మీద, ముందుకి చూసేలా కూర్చోబెట్టుకున్నాడు.

"ఏ వైపు వినపడదండీ?" అన్నాను.

"నాకేం తెలుసు? నా వైపైతే వినపడదు," అన్నాడు నవ్వుతూనే. తర్వాత నవ్వలేదు. "వాళ్ళమ్మ పిలిస్తే ఒక్కోసారి తిరుగుతుంది. నేను చెవి దగ్గర పెట్టి పిలిచినా గోడకేసి చూస్తుంది. నా గొంతు దానికి పడదేమో. పిలవడం మానేశాను."

బల్ల దగ్గర దాని చిన్న కుర్చీ కూడా ఆయనకు ఎడమపక్కనే ఉంది. ఐలా ఆ కుర్చీని, ఆయన చేతిని మార్చిమార్చి చూసింది.

బయట వరండాలో నేను నోరు జారాను. "వినికిడి పరీక్షకి దొరికిన తేదీ నవంబరులో కదా. అప్పటిదాకా బిల్లులు తిరిగొస్తే వారానికి రెండుసార్లు రావడం కుదరదు, నెలకొకసారే. పిల్లకి మూడేళ్ళు నిండితే మన చేతిలో ఏమీ ఉండదు. రెండు చెవులూ అని రాసేస్తే సరి. తర్వాత దిద్దుకోవచ్చు."

ఐలా గిర్రున తిరిగింది. "ఊహించి రాస్తావా? రెండూ పోయాయని కాయితం మీద చూస్తే ఇంట్లోవాళ్ళు మాట్లాడటం మానేస్తారు, తెలుసా నీకు? ఆయన సగం మానేశాడు. మిగతా సగం నువ్వు మాన్పించు!"

"అయితే నిజమేమిటో నువ్వే చెప్పు."

"నాకు అనుమానం ఉంది. ఉత్త అనుమానంతో ఆ మనిషికి ఆశ పెట్టలేను, తప్పయితే విరిగిపోతాడు. పరీక్ష కావాలి వెస్, సెప్టెంబరు ముప్పయ్యో తేదీ లోపల."

ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఒక కోడ్ కోసం ఎవరైనా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది.

మర్నాటి నుంచి మార్కెట్‌లోని వినికిడి క్లినిక్‌కి రోజూ ఫోన్ చేశాను. మార్కెట్ అంటే సంత కాదు, మాకు దగ్గర్లోని పెద్ద ఊరు. ఎవరైనా మానుకుంటే ఆ చోటు మాకివ్వమని బతిమాలాను. అక్కడి అమ్మాయి నా గొంతు వినగానే "లేదండీ ఏవైపు గారూ" అనే స్థితి వచ్చింది. ఆ పేరు అంతదాకా ఎలా పాకిందో ఐలానే అడగాలి.

మధ్యలో నా కారు మరమ్మతుకెళ్ళింది. ఆ రోజు ఐలా తన ట్రక్కులో తీసుకెళ్ళింది. ఆమె నడుపుతోంది, నేను కుడిపక్క కూర్చున్నాను. వాన తెరలు తెరలుగా పడుతోంది, అద్దం తుడిచే కర్రలు కిచకిచమంటున్నాయి. తడిసిన జుట్టు ఆమె బుగ్గకి అంటుకుని ఉంది. నేను చూస్తూ ఉండిపోయాను. రోడ్డుకేసి తిరిగి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను.

"శనివారం నాతో భోజనానికి వస్తావా? ఆఫీసుపని కాదు. నువ్వంటే... నాకు చాలా ఇష్టం ఐలా."

ఆమె రోడ్డు చూస్తూనే ఉంది. కాసేపటికి, "అదుగో జింక," అంది.

జింక! నా మనసు జింకకంటే వేగంగా పొదల్లోకి దూరిపోయింది. ఇంక ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత ఆమె ఏదో అడగబోతున్నట్టు నావైపు చాలాసార్లు చూసింది. జాలిపడుతోంది కాబోలనుకుని తల తిప్పుకున్నాను.

సెప్టెంబరు చివరి వారంలో క్లినిక్‌నుంచి ఫోన్. "ఒకరు మానుకున్నారు. రేపు పదింటికి రాగలరా?"

చప్పుడు చొరబడని చిన్న గది. లోపల రోలాండ్ ఒళ్ళో జూనీ. దాని చెవుల్లో మెత్తటి బుడిపెలు పెట్టారు. మూల ఒక చీకటి అద్దాల పెట్టె. ఒక చెవిలో శబ్దం పంపుతారు. పిల్ల విని తిరిగితే పెట్టె వెలిగి, అందులో ఎలుగుబంటి డప్పు కొడుతుంది. గాజు కిటికీ ఇవతల నేను, ఐలా.

మొదట కుడి చెవి. జూనీ చొక్కా గుండీతో ఆడుకుంటోంది. శబ్దం పెంచారు. ఇంకా పెంచారు. గుండీ తప్ప దానికి ఏదీ పట్టలేదు. రోలాండ్ మొహం చూడలేకపోయాను.

తర్వాత ఎడమ చెవి.

జూనీ వేళ్ళు ఆగాయి. కళ్ళు పెద్దవయ్యాయి. మెల్లగా, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు తల తిప్పింది. ఎలుగుబంటి వెలిగింది. శబ్దం తగ్గించారు. తిరిగింది. ఇంకా తగ్గించారు, గుసగుస కంటే తక్కువకి. మళ్ళీ తిరిగింది!

నా ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నాళ్ళూ కుడి, ఎడమ అని గుమాస్తాలా అడుగుతూ తిరిగాను. ఆ ప్రశ్న వెనక ఇంత పెద్ద తలుపు ఉందని నాకు తెలీదు. దేవుడా, ఒక పసిపిల్ల వింటోంది!

"ఎంత అద్భుతం కదా?" అన్నాను మెల్లగా. ఐలా పలకలేదు. నేను ఆమె కుడిపక్క నిలబడి ఉన్నాను.

పరీక్ష చేసినావిడ తలుపు తీసి, "ఎడమ చెవి శుభ్రంగా వింటోంది. కుడిది వినదు," అంది.

రోలాండ్ తన ఎడమచేతికేసి చూసుకున్నాడు. అప్పుడు జూనీని జాగ్రత్తగా ఎత్తి కుడిచేతి మీదకి మార్చుకున్నాడు.

"జూనీ," అన్నాడు. "నాన్నని."

అది తిరిగి చూసింది. ఆ గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో వెతుకుతున్నట్టు, ఆయన నోటిమీద తన చిన్న చెయ్యి పెట్టింది. ఆయన ఆ చేతి కిందే మళ్ళీమళ్ళీ పేరు పిలిచాడు. అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. "నేనే తప్పు వైపున్నాను. నా మీద కోపం కాదు దానికి!"

నేను బయటికొచ్చేశాను. మెట్లమీద నిలబడితే ఒక్కొక్కటే కళ్ళముందు తిరిగాయి. హోటల్లో కుర్చీ. నా కుడిపక్కకే చేరే నడక. "నువ్వే నడుపు." నేను ఒకచోట అరుస్తుంటే ఎక్కడో వెతికిన చూపు. ఊరందరినీ ఏ వైపు, ఏ వైపు అని పీక్కుతిన్న మొనగాణ్ణి, అడగాల్సిన మనిషిని అడగనే లేదు!

వెనకే ఐలా వచ్చింది. నేను గబగబా చుట్టూ తిరిగి ఆమె ఎడమపక్కకి చేరాను. అది చూసి ఆమె కదలకుండా నిలబడిపోయింది.

"కుడిదా?" అన్నాను.

"పుట్టుకతో," అంది నెమ్మదిగా. "రెండూ పోయాయని ఎవరో ఊహించి రాశారు. నాలుగేళ్ళొచ్చేదాకా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. సైగలు చేసేవాళ్ళంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు కోడ్ వెతుకుతావేమోనని."

"వెతకను. బట్టీ వచ్చు."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు ట్రక్కులో ఏదో అన్నావు. అద్దంలో చూశాను, నీ మొహం ఎర్రగా కందిపోయింది. మళ్ళీ చెప్పమని అడగలేకపోయాను. ఏమన్నావో అని అప్పట్నుంచీ చచ్చిపోతున్నాను వెస్!"

"మరి జింక అన్నావుగా?"

"నిజంగానే జింక వచ్చింది! గుద్దమంటావా?"

ఆమె ఎడమ చెవి దగ్గరికి వంగి, నేను ఆ రోజు అన్నది పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. లోపల జూనీ ఎలా తిరిగిందో, సరిగ్గా అలాగే నావైపు తిరిగింది.

"శనివారం కుదరదు," అంది. "శనివారం మా ఇంట్లో ఆవిరిస్నానానికి సానా గది కాగుతుంది. మా నాన్న నిన్ను ఆవిరిగదిలో కూర్చోబెట్టి రాళ్ళమీద నీళ్ళు పోస్తూ ప్రశ్నలు వేస్తాడు. తట్టుకున్నావంటే, భోజనం అక్కడే."

తట్టుకున్నాను. వాళ్ళ నాన్న వేసిన మొదటి ప్రశ్న, "మా అమ్మాయికి ఏ వైపు కూర్చుంటావు?" అని. జవాబు నచ్చింది కాబోలు, ఇంకో చెంబు నీళ్ళు పోశాడు.

అక్టోబరు ఒకటిన మార్లిస్ గారు జూనీ బిల్లు పంపారు. కుడి చెవి అని ఉన్న ఆ కోడ్ వెనక్కి రాలేదు. నేనూ వంతెన కిందికి వెనక్కి వెళ్ళలేదు.

పెళ్ళయ్యాక ఇంకో సంగతి తెలిసింది. ఐలా వినిపించే చెవిని దిండుకి ఆనించి పడుకుంటుంది. ఉరిమినా లేవదు. కాబట్టి తెల్లవారుజామున పాప ఏడిస్తే లేవాల్సింది నేనే. పాపకి రెండు చెవులూ బాగానే వినిపిస్తాయి. అయినా రోజూ కుడిచేతి మీద కాసేపు, ఎడమచేతి మీద కాసేపు ఎత్తుకుని, రెండు వైపులా పేరు పెట్టి పిలుస్తాను. పిలిచిన ప్రతిసారీ అది తిరిగి చూస్తుంది. ఆ చూపుకి నాకు ఇవాళ్టికీ ఒళ్ళు జలదరిస్తుంది.