గోడ ఒప్పుకోని పసుపు

మిషనక్క సొంతింట్లో అడుగుపెట్టాక మొట్టమొదట చేసిన పని గోడకి మేకు కొట్టడం. దానికేమీ తగిలించలేదు. ఉత్తినే కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తృప్తిగా చూసుకుంది. ముప్ఫై ఏళ్లు అద్దె ఇళ్లలో కాపురం చేసిన మనిషి. సుత్తి చప్పుడు వినిపిస్తే చాలు, ఇంటివాళ్లు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఈసారి ఎవరూ రాలేదు. ఆ సంతోషంలో ఇంకో మేకు కూడా కొట్టింది.

ఆవిడది కుట్టుపని, అందుకే వీధి వీధంతా మిషనక్క అంటారు. మిషను పెట్టుకోవడానికి నడిమి గది తీసుకుంది. ఆ గదికి కిటికీ ఉంది గానీ, రెక్క తెరిస్తే జానెడు దూరంలో పక్కింటి గోడ. మిట్టమధ్యాహ్నం కూడా పొద్దువాలినట్టు ఉంటుంది. చల్లగా, తడి సున్నం వాసన. ఇల్లు అమ్మినవాళ్లు పోతూ పోతూ తెల్లసున్నం కొట్టి పోయారు. అయినా వెలుతురు లేదు. యాభై దాటిన కళ్లతో ఆ గదిలో సూదిలో దారం ఎక్కించడం ఆవిడ వల్ల కాలేదు.

"పసుపు వేయిస్తాను" అంది.

"నీలమైతే మరకలు కనబడవు" అన్నాడు మొగుడు. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో మాత్రం స్టీరింగు ఎప్పుడూ తన చేతిలో లేదని నవ్వుతూ చెప్పుకుంటాడు.

పెయింటరు పెద్దాయన ఇద్దరి మాటా విన్నాడు. ఆయన పద్ధతి ఒకటే. గోడ మీద అరచేతంత పసుపు, పక్కనే అరచేతంత నీలం పూశాడు. "పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం చూసుకోండమ్మా. నచ్చినదాని కింద పెన్సిలుతో టిక్కు పెట్టండి. టిక్కున్న రంగే తెస్తాను. తరవాత మాట మార్చకూడదు" అన్నాడు.

పెద్దాయన గుమ్మం దాటకముందే మిషనక్క పసుపు కింద టిక్కు పెట్టేసింది.

మర్నాడు పొద్దున చూస్తే గోడ మీద పసుపు లేదు. తుడిచిన మరక లేదు, గీకిన గుర్తు లేదు. ఒట్టి తెల్లసున్నం. నీలం ఒక్కటే ఉంది. దాని కింద టిక్కు.

ముందు మొగుడి మీదే అనుమానం వచ్చింది. ఆయనేమో తెల్లవారుజామున నాలుగింటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. పెద్దాయన వచ్చి, నోరు వెళ్లబెట్టి, మళ్లీ పసుపు పూశాడు. ఆవిడ మళ్లీ టిక్కు పెట్టింది, ఈసారి సున్నంలోకి దిగబడేలా. పెద్దాయన టీ తాగి వచ్చేసరికి పసుపు మళ్లీ లేదు.

"గోడలో చెమ్మ ఉందేమో" అని ఆయన రేకు తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. సున్నం పొర ఊడింది. కింద నీలం. దాన్ని గీకితే దాని కింద అరచేతంత గులాబీ రంగు, ఆ కింద ఎవరిదో పెన్సిలు టిక్కు. ఇంకా గీకితే మళ్లీ నీలం. దాని కింద అరచేతంత ఆకుపచ్చ, దానికీ ఓ టిక్కు. దాని కింద... మళ్లీ నీలం.

పెద్దాయన రేకు కింద పెట్టేశాడు. ఆ గదిలో ఇంతకుముందు ఉన్నవాళ్లంతా ఏదో ఒక రంగు కోరుకున్నారు. అందరూ చివరికి నీలమే వేసుకున్నారు.

"నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "నా మాట విను. నీలం వేసేద్దాం. గోడ అదే అడుగుతోంది."

"గోడ అడగడమేంటి పెద్దాయనా? కిస్తీలు నేను కడుతున్నాను. గోడ కట్టదుగా."

"నేను పసుపు వెయ్యలేనమ్మా."

"తెచ్చిన పసుపు డబ్బా, బ్రష్షు ఇచ్చి వెళ్లు. నేనే వేసుకుంటాను."

ఆయన ఇచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, గది లోపలికి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మిషనక్క మొండిఘటం. భయం వెయ్యలేదని కాదు, వేసింది. కానీ ఇంటివాళ్లకి భయపడి భయపడి ఆవిడకి విసుగెత్తిపోయింది. సొంతింట్లో కూడా పెత్తనం చేసే ఇంకో ఇంటావిడ ఉందంటే ససేమిరా ఒప్పుకోదు.

కొంగు బిగించి, ఎడమ గోడతో మొదలుపెట్టింది. మధ్యాహ్నం రెండయింది. వీధిలో కూరగాయల బండివాడి కేక వినిపిస్తోంది. బల్బు వెలుగులో పసుపు చక్కగా ఎక్కుతోంది. సగం గోడ అయ్యేసరికి కరెంటు పోయింది.

ఆవిడ ఆగలేదు. వీధి గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుతురు చాలనుకుంది. బ్రష్షు పైకి, కిందకి... సర్... సర్... చెయ్యి నొప్పెట్టి ఒక్క క్షణం నిలిపింది.

సర్...

చప్పుడు ఆగలేదు. వెనక గోడ మీద నుంచి వస్తోంది.

వెనక్కి తిరగలేదు. బ్రష్షు ముంచింది. పూసింది. వెనక కూడా ఎవరో పూశారు. ఆవిడ రెండు గీతలు పూస్తే అక్కడా రెండు. గీతకి గీత. బండివాడి కేక ఎప్పుడాగిపోయిందో తెలీదు. రంగు వాసన కింద ఇంకో వాసన... చాలాకాలం మూసిపెట్టిన బీరువా తెరిస్తే వచ్చే వాసన.

మెడ మీద చల్లగా తగిలింది. గాలి కాదు. ఊపిరి...

"నీలం..."

చెవి పక్కనే. ఆడగొంతు. బతిమాలుతున్నట్టు లేదు, పిల్లలకి బుద్ధి చెబుతున్నట్టు ఉంది.

మిషనక్కకి ఏడుపొచ్చింది. అయినా బ్రష్షు వదల్లేదు.

"పసుపు" అంది.

"నీలం..."

"పసుపు. నా ఇల్లు. నా గది. నువ్వు ఎంతమందిని ఒప్పించావో నాకనవసరం."

ఆ గొంతు ఆగింది, వెనక బ్రష్షు చప్పుడూ ఆగింది. ఆవిడ ఎడమ గోడ పూర్తి చేసింది. కళ్లు గట్టిగా మూసుకుని వెనక గోడ వైపు తిరిగింది. తెరిచింది. తెల్లసున్నం తెల్లగానే ఉంది, ఎవరూ లేరు. దానికీ పూసింది. మూడో గోడకీ, నాలుగో గోడకీ పూసింది. కరెంటు వచ్చేసరికి అయిదయింది. గది మొత్తం పసుపు. ఇందాకటి పసుపులా మాయం కాలేదు. మూలమూలనా చూసుకుంది. ఎక్కడా నీలం చుక్క లేదు. గెలిచానని నవ్వొచ్చింది.

ఆయన డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇంత గొడవ చేసి చివరికి నా మాటే విన్నావన్నమాట" అన్నాడు. "నీలం బాగుంది."

"వేళాకోళం ఆపండి. ఒళ్లు హూనమైపోయి ఉన్నాను."

"వేళాకోళమేముంది? బాగుందనే అంటున్నాను."

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ముప్ఫై ఏళ్ల కాపురం. ఆయన అబద్ధమాడితే ఎడమ కన్ను చిట్లిస్తాడు. ఇప్పుడు చిట్లించలేదు.

"గోడ మీద వేలు పెట్టండి" అంది. ఆయన పెట్టి చూపించాడు. వేలి కొసన తడి పసుపు, గుడ్డు సొనంత పసుపు, ఆవిడకి స్పష్టంగా కనిపిస్తోంది.

"ఏ రంగు?"

"నీలం" అన్నాడు ఆయన, ఈసారి కాస్త భయంగా. "నీకు ఒంట్లో బాగుందా?"

మిషనక్కకి కోపం ముంచుకొచ్చింది. "గోడ మీ కళ్లని మాయ చేస్తే చెయ్యనివ్వండి. నా కళ్లకి పసుపే. ఈ గదిలో కూర్చుని కుట్టేది నేను. నాకు కనబడితే చాలు."

ఆయన ఆవిడ భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు.

"సరేలే" అన్నాడు మెల్లగా. "సాయానికి ఎవరినో పిలిచావుగా... ఆవిడని కూడా బయటికి రమ్మను. చీకట్లో ఎందుకలా నిలబడటం?"

"ఎవరిని?"

"ఆ మూల... పసుపు బట్టలావిడ."

మిషనక్క తిరిగి చూసింది. మూలలో పసుపు గోడ తప్ప ఏమీ లేదు. పసుపు మీద పసుపు.

పారిపోవచ్చు. గుమ్మం నాలుగడుగుల్లో ఉంది. పారిపోతే ఈ గది ఇక ఎప్పటికీ తనది కాదని ఆవిడకి తెలుసు. ఒక్కో అడుగే వేసుకుంటూ మూలకి వెళ్లింది. ఆయన వద్దంటున్నాడు... వినలేదు. చెయ్యి చాచి గోడని ముట్టుకుంది.

తడి రంగు తగల్లేదు.

ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టిన వేళ్లు. వాటికి చూడకుండానే తెలుస్తుంది. నూలు బట్ట. గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన మడత. లోపలి నుంచి గోరువెచ్చగా ఉంది.

మిషనక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ మడతని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

అవతలి నుంచి ఎవరో మెల్లగా లాగారు.