మూలవాణి ముందు పోలయ్య

"పట్టిన చేప ఒక పూట తిండి. ఎండబెట్టిన చేప ఏడాది తిండి. ఆ దిబ్బ మాదే."

సర్పంచ్ నూకరత్నం మాట పూర్తికాగానే బల్ల మీద మూలవాణి పచ్చగా వెలిగింది.

కొబ్బరికాయంత యంత్రం అది. మాట మనిషి బుర్రలోనే పుట్టిందో, మరొకరిది విని అప్పజెబుతున్నారో పట్టేస్తుంది. సొంతమాటకు పచ్చ, అరువుమాటకు ఎరుపు. ఎరుపు వెలిగితే తీర్మానం చెల్లదు. పదవి భార్యది, పెత్తనం భర్తది అనే పాత ఆనవాయితీని తుడిచేయడానికే ప్రభుత్వం దాన్ని ఊరూరా పెట్టించింది. దాంతో సర్పంచ్ పక్కన మొగుడికి వేసే కుర్చీ పోయింది. నూకరత్నం భర్త పోలయ్య ఇప్పుడు జనంతో పాటు చాప మీదే.

రేవు పక్కన ఆడవాళ్లు చేపలెండబెట్టే ఇసుకదిబ్బను వాళ్ల సంఘం పేరన రాయాలన్నది తీర్మానం. ఇవాళ తేలకపోతే అది సరుకు డ్రోన్లు దిగే మైదానమైపోతుంది.

వార్డు సభ్యుడు దాసు లేచాడు.

"ఒదినా, ఏటీ అనుకోకు. ఈ ముక్క మొన్న రేవులో పోలయ్యన్న నోటంట విన్నాం. నువ్వు బాగా బట్టీ పట్టి యంత్రాన్ని ఏమార్చినావు. అన్నని కూడా మాటాడమను."

జనం నవ్వారు. కార్యదర్శి వకుళ నిబంధన చెప్పింది: "అభ్యంతరం వచ్చింది కాబట్టి ఆయనా అదే మాట చెప్పాలి. ఆయనకు ఎరుపు వెలిగితే మాట సర్పంచ్‌గారిదే. ఆయన చెప్పనంటే తీర్మానం వాయిదా."

ఆ మాట ఎక్కడ పుట్టిందో నూకరత్నానికి తెలుసు. వల బాగుచేస్తూ తనే అంది. పోలయ్య ఊ కొట్టాడు. రేవులో ఏ తగవైనా అతని మాటతోనే తెగుతుంది. ఎరుపు వెలిగితే ఆ పెద్దరికం ఏం కావాలి? వద్దన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

పోలయ్య చూశాడు. అయినా లేచి, లుంగీకి అంటిన ఇసుక దులుపుకుని, యంత్రం ముందు ఆ మాట పొల్లు పోకుండా చెప్పాడు.

ఎర్రటి వెలుగు అతని ముఖం నిండా పడింది. నవ్వులు ఆగిపోయాయి.

"మరేటి? రత్నం మాటే," అన్నాడు తాపీగా. "రేవులో నాను తెంపిన తగవులు సగం అన్నం కాడ ఆవిడ తెంపినవే. తెలివైన పెళ్లాం ఉంటే నాకు సిగ్గేటి? దాసూ, నువ్వూ ఓపాలి రా. నీ నోట్లో మరదలి మాటెంతుందో చూద్దుం."

ఆడవాళ్ల మధ్య నుంచి దాసు భార్య తలెత్తి చూసింది.

"అభ్యంతరం ఎనక్కి తీసుకుంతన్నాను," అని దాసు కూర్చున్నాడు.

దిబ్బ ఆడవాళ్లదయింది.

సభలో మొగుళ్ల నోరు కట్టడానికే మూలవాణిని తయారుచేశారు. రేవులో ఏం జరుగుతుందో వాళ్లు ఊహించలేదు. అక్కడ యంత్రం లేదు. అయినా మర్నాడు పడవ దించుతూ పోలయ్య, "ఇది రత్నం మాట, వినండి," అని మొదలుపెట్టాడు. "మా అమ్మయితే ఇలగంటాది," అంటూ ఇంకొకడు అందుకున్నాడు.

చేపల గంపతో పోతున్న నూకరత్నం విన్నది. నడక ఆపలేదు. నెత్తిన గంప ఉన్నప్పుడు తల నిటారుగా ఉంచక తప్పదు. ఆ రోజు గంప దించాక కూడా ఆమె తల అలాగే ఉంది.