కోకో బటర్ వాసన చాటున

పొద్దున్నే వంటింట్లోంచి చాక్లెట్ వాసన వచ్చిందంటే శామీర్‌పేటలోని ఆ ఇంట్లో పరమేష్ లేచాడని అర్థం. మూకుడులో లేత పసుపు రంగు కోకో బటర్ ముక్క కరుగుతుంది, అందులో మూడు గుడ్లు పడతాయి, ఇంకో చెంచాడు కాఫీలో తేలుతుంది. రెండు నెలలుగా ఇదే తంతు. దీనికి పాలియో తిండి అని పేరు, వ్యవసాయం పుట్టకముందు మనుషులు తిన్నట్టు తినడమట. అన్నం లేదు, పప్పు లేదు. పాలతో చేసినవేవీ కూడదని నెయ్యి గిన్నెను కూడా అటకెక్కించి, ఈ కోకో కొవ్వు తెప్పించుకున్నాడు. జొన్నరొట్టె కాలని ఇల్లు కూడా ఒక ఇల్లేనా అని తల్లి దుర్గమ్మ బాధ.

అలాగని అతన్ని చూసి నవ్వడానికి లేదు. తండ్రి వెంకటనర్సయ్యకు షుగరుతో కాలు తీసేశారు. రెండేళ్ళకు మనిషే పోయాడు. తనకూ షుగర్ ఉందని తేలిన రోజు పరమేష్ తన రెండు కాళ్ళ వంక చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ భయమే అతని చేత అన్నం మాన్పించింది. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాడు. తిండి మార్చిన సంగతి మాత్రం డాక్టరుకు చెప్పలేదు.

నాలుగు రోజుల కిందట దుర్గమ్మ ఉండబట్టలేక అతని కూరలో గుప్పెడు శనగపిండి కలిపి పట్టుబడిపోయింది.

"నా పానం, నా ఇష్టం. ఇగ నా తిండి జోలికి రాకమ్మా," అన్నాడు పరమేష్.

"ఆయన మంచికే గద అత్తమ్మా," అంది కోడలు పద్మలత. అంతే, దుర్గమ్మ అలిగింది. కొడుకుతో మాట్లాడటం మానేసింది.

ఆ మర్నాడే, అతను చెప్పులేసుకుంటూ పక్కన వంగినప్పుడు ఆమెకు ఒక వాసన తగిలింది. చాక్లెట్ వాసన కింద ఇంకేదో, తీయగా, పులిసినట్టు. వయసులో ఉన్నప్పుడు ఆమె ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. గోనెపట్టాల కింద మరిచిపోయిన గుత్తులు మురిగితే అచ్చం ఇదే వాసన. తోటల తర్వాత ఇంకెక్కడో కూడా ఈ వాసన చూసింది. ఎక్కడో గుర్తు రాగానే కొడుకును పిలవబోయింది. కానీ జోలికి రావద్దన్నాడు కదా అని మూతి బిగించుకుంది. మూడు రోజులు అలాగే బిగించుకుంది.

ఈ పొద్దున పరమేష్ కాఫీ సగం తాగి వాంతి చేసుకున్నాడు. మంచం మీద కూర్చునే, మెట్లెక్కి వచ్చినవాడిలా ఆయాసపడుతున్నాడు.

"దవఖానకు పోదాం నడువు," అంది దుర్గమ్మ. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట.

"ఏం గాలే. షుగర్ మీటర్ చూడు, నూట అరవై ఎనిమిది. నాయినకు నాలుగు వందలుండేది."

"కొత్త తిండికి ఒళ్ళు అలవాటు పడతాంది అత్తమ్మా," అంది పద్మలత.

"వాని నోట్లెకెంచి వాసనొస్తాంది పద్మా."

"గది కోకో బటర్ వాసన. ఇల్లంత గదే."

దుర్గమ్మ వంటింట్లోకి వెళ్ళి కోకో బటర్ డబ్బా తెచ్చి కోడలి చేతికిచ్చింది. "గిది వాసన చూడు. ఇగ వాని నోరు వాసన చూడు."

పద్మలత డబ్బా చూసింది. మొగుడి ముఖం దగ్గరికి వంగింది. వంగినది వెంటనే వెనక్కి జరిగింది.

"మీ మామ పోయిన దినం పొద్దుగాల గిదే వాసన," అంది దుర్గమ్మ. "అప్పుడు నాకెర్కలే. ఇప్పుడు ఎర్కుండి నోరు మూసుకున్న. కోపముంటె తర్వాత తిట్టు కొడుకా. జల్దీ కారెక్కు."

ఎక్కనని చెప్పే ఓపిక కూడా అప్పటికి పరమేష్‌కు లేదు. కొంపల్లి ఆసుపత్రి దాకా పద్మలత కారు నడిపింది. వెనక సీట్లో దుర్గమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా ఆ ఊపిరి వింటూ కూర్చుంది.

"షుగర్ పెద్దగా పెరగలేదమ్మా, రక్తంలో ఆమ్లం పేరుకుపోయింది, ఆ వాసన దానిదే," అన్నాడు డాక్టర్. "చక్కెరను మూత్రంలోకి పంపే ఈ రకం మాత్ర వేసుకుంటూ అన్నం, రొట్టె మానేస్తే ఒక్కోసారి ఇలా ముంచుకొస్తుంది. మీటర్ చూసి మోసపోతారు. తప్పు కోకో బటర్‌ది కాదు. తిండి మార్చేముందు మాత్ర రాసిన డాక్టరుకు ఒక్కమాట చెప్పాల్సింది. ఇంకో పూట ఆగి ఉంటే నేను కూడా ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి."

రెండో రోజుకు పరమేష్ ఊపిరి నెమ్మదించింది. తల్లి చేయి పట్టుకున్నాడు.

"ఎర్కుండి ఎందుకు చెప్పలేదమ్మా?"

"జోలికి రావద్దంటివి గద."

"నేనంటె మాత్రం నువ్వెట్ల ఇన్నవమ్మా?"

దుర్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పద్మలత వచ్చి ఆమె భుజం మీద తల ఆనించింది.

ఇప్పుడు మాత్ర మారింది. డాక్టరు చెప్పిన లెక్కన ఇంట్లో రొట్టె మళ్ళీ కాలుతోంది. గుడ్లు మాత్రం ఇంకా కోకో బటర్‌లోనే వేగుతున్నాయి. మేడ్చల్‌లో డ్యూటీకి బయల్దేరే ముందు పరమేష్ తల్లి ముందు వంగుతాడు.

"చూడమ్మా," అని నోరు తెరుస్తాడు.

కాఫీ వాసన, చాక్లెట్ వాసన. వాటి కింద ఏమీ ఉండదు. అయినా దుర్గమ్మ అతని గడ్డం వదలదు.

"ఆగు," అంటుంది. "ఇంకొక్కసారి."