ఐసీయూలో మూల మంచం

ఏలూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి... ఐసీయూలో మూలనున్న మంచానికి చెడ్డపేరు. దాని మీద పడుకున్నవాళ్ళ తల ఎవరో నొక్కుతారట. నొక్కించుకున్నవాళ్ళు తెల్లారడం చూడరట. పొద్దుపోతే ఆయాలు అటువైపు చీపురు కూడా తీసుకెళ్ళేవారు కాదు.

నర్సు జాయ్సీ ఆ మాటలకి నవ్వేది.

రెండువేల ఎనిమిది వానాకాలం. ఓ రాత్రి ముదినేపల్లి నుంచి కనకరత్నాన్ని తీసుకొచ్చారు. నలభై ఏళ్ళ ఆడమనిషి. అన్నం వడ్డిస్తూ ఉంటే కుడిచెయ్యి పడిపోయిందట, మాట ముద్దయిపోయిందట. వేళకే తెచ్చారు. స్కాన్ తీసి, మెదడులో నెత్తురు గడ్డ కరిగించే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఖాళీగా ఉన్నది ఆ మూల మంచమే.

"మామ్మగారూ, ఈ మందు పడ్డాక చిన్న గాయమైనా నెత్తురు ఆగదండి," అని కనకరత్నం అత్తగారు సుబ్బాయమ్మకి జాయ్సీ చెప్పింది. "చెయ్యి కూడా గట్టిగా పట్టుకోకండి."

సగం మందు ఎక్కేసరికి వేళ్ళు కదిలాయి. జాయ్సీ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు గొణిగింది కనకరత్నం — "తల... ఎవరో నొక్కేస్తున్నారు..."

సుబ్బాయమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ మంచం సంగతి ఆయా కాంతం అప్పటికే ఆవిడ చెవిన వేసింది.

జాయ్సీ భయం వేరు. తలనొప్పి, వెంటనే వాంతి, బీపీ పైపైకి — తల లోపల నెత్తురు చిమ్ముతోంది. మందు ఆపేసింది. తలవైపు మంచం ఎత్తింది. డాక్టర్ని పిలవడానికి ఫోను దగ్గరికి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి —

సుబ్బాయమ్మ కోడలి జుట్టు పిడికిట పట్టుకుని చెంపలు వాయిస్తోంది. "చెప్పవే... ఎవత్తివి నువ్వు? వదులు దాన్ని..." పక్క మంచాలవాళ్ళు లేస్తారని, గుసగుసగా.

చిగుళ్ళలోంచి, ముక్కులోంచి నెత్తురు.

"చూశావా అమ్మా," అంది సుబ్బాయమ్మ, తెరిపిన పడ్డట్టు. "కక్కుతోంది. పోతోంది అది."

జాయ్సీ ఆవిడని ఇవతలకి లాగేసింది. డాక్టరొచ్చాడు. నెత్తురు ఆగడానికి ప్లాస్మా ఎక్కించారు. జాయ్సీ నోరు తుడుస్తూనే ఉంది... తుడిచేకొద్దీ ఊరుతూనే ఉంది. తెల్లారకుండానే కనకరత్నం పోయింది.

"ఇంకాస్త ముందు కొట్టుంటే బతికేది," అని సుబ్బాయమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని ఏడ్చింది.

వారం తిరక్కుండా ఆ మంచం మీదకి కొల్లేటికోట ఇస్సాకుని తెచ్చారు. చేపల చెరువుల మీద పనిచేసే ముసలాయన. ఆ ఆసుపత్రి మొహమే ఎరగడు. అదే జబ్బు, అదే మందు.

జాయ్సీ ఆయన పక్కనుంచి కదల్లేదు. తలనొప్పి లేదు. వాంతి లేదు. బీపీ నిలకడగా ఉంది. మందు పూర్తయింది... పడిపోయిన చెయ్యి లేచింది. దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

"ఎలా ఉంది బాబాయ్? ఎక్కడన్నా నొప్పిగా ఉందా?"

"నాకేం లేదమ్మా..." ఇస్సాకు చూపు ఆమె భుజం వెనకాల ఆగింది. గొంతు తగ్గించాడు.

"ముందు ఆవిడ సంగతి చూడండి. నోట్లోంచి నెత్తురు కారిపోతోంది... పాపం, ఇందాకట్నుంచీ మీ వెనకాలే నిలబడి ఉంది."