మడిచిన రెక్క

రండర్రా, ఇంకా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్న వాళ్ళు కూడా ఇటు రండి, మీరు లేకపోతే గోడేమీ పడిపోదులే. ఎవరి మోకాలు ఎవరికి తగిలినా కిక్కురుమనకూడదు. ఇది మెల్లగా చెప్పే కథ.

ఒక ఊళ్ళో, మేడ మీది గదిలో గ్రీటింగ్ కార్డులు తయారుచేసేవారు. ఏనాటివో పాత జీవశాస్త్ర పుస్తకాల్లో సీతాకోకచిలుకల బొమ్మలుంటాయి చూశారూ, మీసాలూ కాళ్ళ మీది నూగూ కూడా వదలకుండా గీసినవి, వాటి గీతలు మాత్రం కార్డు లోపల అచ్చువేసేవారు. రంగు చేత్తో వెయ్యాలి. పద్ధతి ఏమిటంటే, ఒక్క రెక్కకే రంగు వేసి, తడి ఆరకముందే కార్డు మడిచి బొటనవేలితో నొక్కాలి. తెరిస్తే రెండో రెక్క కూడా అచ్చం అలాగే వచ్చేస్తుంది.

అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళు పనిచేసేవారు. కుంచె పట్టుకోవడం చెల్లెలికి నేర్పింది అక్కే. ఏడాది తిరక్కుండానే చెల్లెలు అక్కని దాటిపోయింది. వెలుతురు బాగా పడే కిటికీ పక్క కుర్చీ, అన్నాళ్ళూ అక్క కూర్చున్న కుర్చీ, యజమాని చిన్నదానికి ఇచ్చేశాడు. ఆ కుర్చీ ఎవరిదో ఆ గదిలో పెద్దరికం వాళ్ళదే.

"నువ్వు రంగుని అదిలిస్తావక్కా, నేను బుజ్జగిస్తాను. అంతే తేడా," అని నవ్వేది చెల్లెలు. అక్కా నవ్వేది. నవ్వుతూనే కిటికీ పక్క కుర్చీ వంక ఓరగా చూసేది.

వానాకాలంలో చెల్లెలు జ్వరమొచ్చి పోయింది. అక్క గుండెలు బాదుకుని ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, పిల్లలూ. కానీ ఆ ఏడుపు మధ్యలో ఒక్కసారి ఆమెకి కుర్చీ గుర్తొచ్చింది.

యజమాని ఇస్తే కదా! "తొందరేంటమ్మా? కొత్త కార్డులకి నమూనా ఒకటి చేసి రేపు పొద్దున చూపించు. చిన్నదాని చేతికి సాటొస్తే కుర్చీ నీదే. రాకపోతే బయటివాళ్ళని పిలిపిస్తాను," అన్నాడు.

పోయాక కూడా దానితోనే పోలికా అని అక్క పళ్ళు నూరింది.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయారు. బయట ముసురు. గదిలో జిగురు వాసన, తడికాగితం వాసన. అక్క ఎంత వేసినా నీలం పాలిపోయే వచ్చింది. విసిగిపోయి చెల్లెలి సొరుగు లాగింది. అడుగున ఒకే ఒక్క కార్డు. ఒక రెక్క నిండా నీలం, నెమలి మెడలా మెరుస్తూ. రెండోది తెల్లగా... మడిచేలోపే జ్వరం వచ్చి ఉంటుంది.

రంగు ఎప్పుడో ఎండిపోయింది. ఎండిన రంగుని మళ్ళీ తడపకూడదు. ఆ పనిలో మొదటి పాఠం అదే, చెల్లెలికి చెప్పింది కూడా తనే. అయినా కుంచె నీళ్ళలో ముంచింది.

"నీ రంగు నాకిచ్చి పోవే," అని గొణుక్కుంటూ ఆ రెక్కంతా తడిపి, కార్డు మడిచి, బొటనవేలితో నొక్కింది.

వేలి కింద ఏదో కదిలింది.

కాగితం సర్దుకుందిలే అనుకుంది. మళ్ళీ... లోపల్నుంచి మెత్తగా ఒక తోపు. జిగురు వాసన పోయింది. జ్వరమొచ్చిన మనిషి పక్క వాసన... చెమట, మందు...

"అక్కా..."

చెవి దగ్గర కాదు. వేలి కింద.

"అక్కా, నొక్కకు... ఊపిరాడట్లేదు..."

ఇక్కడ చెయ్యి తీసేసి ఉంటే కథ ఇంకోలా ఉండేది, పిల్లలూ. అక్క తియ్యలేదు.

"కుర్చీ వదులుతావా?" అంది.

రెండో చెయ్యి కూడా వేసి ఇంకా గట్టిగా నొక్కింది. ఆ తోపు తగ్గింది... తగ్గింది... ఆగిపోయింది.

తెరిచి చూస్తే రెండు రెక్కలూ నీలమే. కవలల్లా.

పొద్దున్నే యజమాని ఆ కార్డుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెల్లెల్ని మించిపోయావమ్మా! వెళ్ళు, వెళ్ళి కూర్చో!" అన్నాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "ఇదిగో, రెక్క పక్కన వేలిముద్ర పడింది. తుడిచెయ్యి," అన్నాడు.

నీలం వేలిముద్ర. అక్క దాని మీద తన వేలు ఆనించి చూసింది. ముద్ర తన వేలికన్నా చిన్నది. తుడిచింది, పోయింది. కాసేపటికి మళ్ళీ ఉంది, కార్డు అంచుకి దగ్గరగా. మళ్ళీ తుడిచింది. మధ్యాహ్నానికి అది అంచు దాటి బల్ల మీదికి వచ్చేసింది. తడితడిగా.

గుడ్డ తెద్దామని అక్క లేచింది. తెచ్చేసరికి బల్ల మీద ముద్ర లేదు.

కుర్చీ చేతి మీద ఉంది.

ఆ రోజు నుంచి ఆమె కిటికీ దగ్గర నిలబడే పనిచేస్తుంది. "కుర్చీ ఇచ్చింది చూసుకోడానికా అమ్మా?" అని యజమాని ఎంత ఎగతాళి చేసినా కూర్చోదు. కుర్చీ ఖాళీగానే ఉంటుంది. అందులోని మెత్త మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అణిగే ఉంటుంది. ఆమె కార్డు మడిచి నొక్కిన ప్రతిసారీ కుర్చీ కిర్రుమంటుంది... ఎవరో ముందుకి వంగి చూస్తున్నట్టు.

తర్వాతేమైందని నన్నడక్కండి, నాకూ తెలీదు. ఇక లేవండి. అమ్మలు ఎదురుచూస్తుంటారు, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. తోసుకోకుండా వెళ్ళండర్రా.