దేవదారు కొన

ముప్ఫై నాలుగేళ్ళు నిండినా వీధి మొత్తానికి అతను వైండింగ్ అబ్బాయే. కాలిన మోటార్లు విప్పడం, మాడిన రాగితీగ లాగేయడం, కొత్త తీగ చుట్టడం, అదే పని. పొద్దున్నే స్టూలెక్కితే సాయంత్రానికి నడుము అతని మాట వినదు. అమ్మ చూపించిన సంబంధాలన్నీ ఒకేలా ముగిశాయి. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ పాడైన ఫ్యాన్ బాగుచేసి తిరిగొచ్చేవాడు.

అలాంటి ఒక చలికాలపు మధ్యాహ్నం పక్కవీధి మొక్కల నర్సరీ అమ్మాయి వచ్చి మాడిన రాగితీగ కావాలంది. కుడి మణికట్టుకి పట్టీ ఉంది. కొత్త తీగే ఇస్తానన్నాడు. కొత్తది బిరుసుగా ఉంటుందట, మంటలో కాలినదైతేనే మెత్తగా చెప్పినట్టు వింటుందట. దేనికంటే, దేవదారు చెట్టుకి.

“చెట్టుకి తీగ చుడతారా? అదేం పాపం చేసింది?”

“నిలబడి నిలబడి అలిసిపోయింది. కాస్త వంచుదామని.”

ఆ చేత్తో ఎలా చుడతారని అడిగితే ఎడమ చెయ్యి ఉందిగా అంది. అతనికి నవ్వొచ్చింది, ఆమెకి ఒళ్ళు మండింది. విసురుగా తీగచుట్ట ఎత్తబోయి ఎడమ పాదం మీద పడేసుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆదివారం వచ్చి తనే చుడతానని అతను అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

నర్సరీ ఆమె పెదనాన్నది. వెనక షెడ్డులో బోన్సాయ్ బల్లలు మాత్రం ఆమెవి. మోకాలెత్తు దేవదారు ఒకటి పొడుగు కుండీలో నిటారుగా ఉంది. ఏడేళ్ళుగా పెంచుతోందట. దాని కాండం కుండీ అంచు దాటి, సెలయేరు దూకినట్టు కుండీ అడుగుకంటే కిందికి జారాలి. దాన్ని కాస్కేడ్ అంటారని చెప్పింది. పన్నెండేళ్ళు తీగలు చుట్టి చుట్టి మణికట్టు అరిగిపోయింది. డాక్టరు ఇక ఆ పని వద్దన్నాడు.

“ఇదొక్కటీ కిందికి దిగితే, చెప్పి చేయించైనా ఈ పనిలో ఉంటాను. దిగకపోతే అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. వాళ్ళ పుస్తకాల షాపులో కౌంటర్ ఖాళీగా ఉందట,” అంది. ఏడుపు లేదు ఆ గొంతులో, అలసట ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మొదటి ఆదివారం తన పనితనమంతా చూపించాడు. చుట్టు పక్కన చుట్టు, గాలి కూడా దూరనంత బిగువుగా. ఆమె వచ్చి చూసి, బోర్లించిన కుండీ మీద కూలబడింది.

“ఇది మోటార్ కాదండీ. బతికి ఉంది. లావవ్వడానికి చోటు కావాలి.”

అంతా విప్పి మళ్ళీ మొదలు. ముందు కాండానికి తడి నార చుట్టాలి. దాని మీద తీగ ఏటవాలుగా, ఎడం వదిలి నడవాలి. వారానికి వేలిమందం చొప్పున వంచాలి. ఆమె ఎడమ చేతి వేలితో చూపిస్తుంది, అతను చుడతాడు. ఆ వేలు తన వేలికి తగిలిన చోట అతను రెండుసార్లు లెక్క తప్పాడు. ఆమె తలెత్తి చూసి, ఏమీ ఎరగనట్టు దించుకుంది.

పెదనాన్న మాత్రం ఊరుకోలేదు. “మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ముప్ఫై నాలుగేళ్ళ మాను ఒకటి మన షెడ్డులో ఇట్టే వంగిపోతోందే,” అన్నాడు. అతను తీగలో తల దూర్చాడు.

ప్రేమలో పడితే చెవుల్లో పాటలు మోగుతాయంటారు. ఇతనికి ఆదివారాల్లో నడుంనొప్పి గుర్తుకు రాకపోవడమే ప్రేమ. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. పని అయ్యాక ఇద్దరూ గోడకు చేరబడి, అలిసిపోయి, టీ తాగేవాళ్ళు. మాట్లాడకుండా కూర్చోగలిగిన మనిషి దొరకడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు.

వానలొచ్చేసరికి దేవదారు కుండీ అడుగు దాటి దిగింది. బెరడులోకి దిగకముందే తీగ తీసేయాలి. షెడ్డు మీద వాన దబదబా పడుతుంటే, కటర్ తెస్తానని ఆమె లోపలికి వెళ్ళింది.

అతని వృత్తిలో మంచి తీగను తెంపడమంటే తప్పు. ఇన్ని నెలలు పనిచేసిన రాగి, మరో చెట్టుకి పనికొస్తుంది, ఆమెకి ఇంకో చుట్ట మోసే బాధ తప్పుతుంది అనుకున్నాడు. కొన నుంచి జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టాడు. మూడో మెలికకి కొన ఫట్‌మని విరిగి అతని చేతిలోకి వచ్చింది.

ఆమె కటర్‌తో గుమ్మంలో నిలబడి ఉంది.

“తీగ విప్పరండీ. తెంపుతారు. ఆ మాట నేను చెప్పనే లేదు,” అని నెమ్మదిగా వచ్చి కూర్చుంది. తిడితే బాగుండేదనిపించింది అతనికి. ఇక మీరు వెళ్ళండి అంది. అతను వెళ్ళలేదు.

విరిగిన చోటు మీద ఆమె వేలు పెట్టింది. పైనున్న పక్కకొమ్మని కిందికి తిప్పితే అదే కొనవుతుంది గానీ మూడేళ్ళు పడుతుందని, తనకంత ఓపిక లేదని చెప్పింది.

“ఓపిక నాకుంది. మీరు పక్కన కూర్చుంటే చాలు.”

“మూడేళ్ళు ప్రతి ఆదివారం వస్తారా?”

“ఆదివారాలు నాకు చాలడం లేదండీ. సోమవారం నుంచి మళ్ళీ ఆదివారం కోసం ఎదురుచూసే ఓపిక మాత్రం లేదు. మీరంటే నాకు ఇష్టం. చెట్టు విరిచినవాడు అడగాల్సిన మాట కాదు, తెలుసు.”

వాన హోరులో ఆమె కటర్ అతని చేతిలో పెట్టి, మిగతా తీగ ముక్కలుగా తెంపమంది. పట్టీ కట్టిన చేత్తోనే కొమ్మ కదలకుండా పట్టుకుంది. అతను ఒక్కో మెలికా తెంపుతూ పోయాడు.

చివరి ముక్క రాలాక ఆమె లేచింది. “అక్కకి ఫోన్ చెయ్యాలి.”

అతను కటర్ కింద పెట్టేశాడు. “వస్తున్నానని చెప్తారా?”

“కాదు. తననే రమ్మంటాను. పెళ్ళికి.”